అబ్రాహాము గ్రంథం: మూలంపై వీడని ప్రశ్న

మోర్మన్‌లు పవిత్రంగా భావించే గ్రంథాల్లో ‘అబ్రాహాము గ్రంథం’ ఒకటి. 1835లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కొనుగోలు చేసిన ఈజిప్టు పాపిరస్ చుట్టల నుంచి దీనిని అనువదించినట్లు మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ప్రకటించారు. 1842లో ఇది ముద్రితమైంది.

నశించాయనుకున్న ఆ చుట్టల్లోని కొన్ని ముక్కలు 1967లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి చర్చికి చేరాయి. అవి మృతుల కోసం రాసిన అంత్యక్రియల పాఠాలని, వాటిలో అబ్రాహాము ప్రస్తావన లేదని ప్రాచీన ఈజిప్టు లిపి నిపుణులు తేల్చారు. 2014లో చర్చి దీనిని అంగీకరించింది. అయితే అసలు మూలం నశించిన భాగంలో ఉండవచ్చని, లేదా పాపిరస్ దైవప్రేరణకు నిమిత్తమాత్రమై ఉండవచ్చని పేర్కొంది.

ఈ చర్చ పండితులకే పరిమితం కాలేదు. ఆఫ్రికన్ సంతతి పురుషులకు పౌరోహిత్య నిరాకరణను సమర్థించేందుకు ఈ గ్రంథంలోని ఫరో వంశ ప్రస్తావనను కొందరు ఉదహరించారు. ఆ నిషేధం 1978లో తొలగింది. గ్రంథం మాత్రం నేటికీ ప్రామాణికమే.