పాచి, పసరు

బీచుపల్లి దగ్గర కృష్ణలో మునగడానికి దిగేవాళ్లను మెట్ల మీద కూర్చున్న పెద్దలు ముందే హెచ్చరిస్తారు: "పాచి పట్టింది, జారుతవ్, పైలం." పొద్దున పళ్లు తోముకోకుండా సద్ది ముందు కూర్చున్న పిల్లవాణ్ని తిట్టేదీ అదే మాటతో: "పాచి నోటితోని తింటవా?" రాతి మీది జిగురుకూ పంటి మీది జిగురుకూ తెలుగు ఒకే పేరు పెట్టింది. ఆ రెండూ ఒకే కోవలోవని విజ్ఞానశాస్త్రం గుర్తించే సరికి 1978 వచ్చింది.

డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ 1683లో తన పంటి మీది తెల్లటి పాచిని గీకి, సొంతంగా చేసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. అందులో లెక్కలేనన్ని ప్రాణులు కదులుతూ కనిపించాయి. ఆ తర్వాత వాటి మీద వెనిగర్ పోసి చూశాడు. పైపైన ఉన్నవే చచ్చాయి, పాచి లోపల దాక్కున్నవి బతికాయి. ఆ ఒక్క పరిశీలనలోనే నేటి ఆసుపత్రుల తలనొప్పి అంతా ఉంది. కానీ తర్వాతి మూడు వందల ఏళ్లు బాక్టీరియాను ద్రవంలో ఒంటరిగా ఈదే జీవిగానే చదివారు. కాల్గరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త కాస్టర్‌టన్ కొండవాగుల్లో వెతికితే, నీళ్లలో కన్నా రాళ్లకు పట్టిన జిగురులోనే బాక్టీరియా ఎక్కువగా దొరికింది. బాక్టీరియా ఎలా అంటుకుంటాయో చెబుతూ 1978లో ఆయన తన సహచరులతో రాసిన వ్యాసం వాగు రాయినీ మనిషి పంటినీ ఒక గాటన కట్టింది. బయోఫిల్మ్ అనే మాట ఆ తర్వాతే వాడుకలో స్థిరపడింది.

బయోఫిల్మ్ అంటే బాక్టీరియా కట్టుకున్న ఊరు. చక్కెర పదార్థాలు, ప్రోటీన్లు, డీఎన్‌ఏ కలిసిన జిగురు దానికి ప్రహరీగోడ. లోపల తిండి తక్కువ కాబట్టి చాలా బాక్టీరియా మందకొడిగా, కొన్ని నిద్రలో ఉన్నట్టుగా బతుకుతాయి. పెరిగే కణాన్నే దెబ్బతీసే యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయలేదు. ఇలా పాచిలో ఉన్న బాక్టీరియా మామూలుగా చంపే మోతాదుకు వెయ్యి రెట్ల దాకా తట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. 2008లో అమెరికాలో 50 మానని పుండ్లను పరీక్షిస్తే 30లో బయోఫిల్మ్ కనిపించింది. 16 తాజా గాయాల్లో కనిపించింది ఒక్కదానిలోనే.

ఇక మన వైపు చూద్దాం. పళ్లు తోమడానికి వేపను చేదు పుల్లల్లో, కానుగను కారపు పుల్లల్లో, చండ్రను వగరు పుల్లల్లో శ్రేష్ఠమని సుశ్రుత సంహిత చెబుతుంది. ఆ గ్రంథం పేరైనా వినని పల్లెల్లో, గద్వాల నడిగడ్డ నుంచి నల్లమల అంచు దాకా, ఇవే చెట్లు పళ్ల పుల్లలయ్యాయి. పుల్ల కొనను నమిలి కుంచెలా చేసి రుద్దుతారు. రాపిడికి పాచి చిరుగుతుంది, చిరిగిన చోటికి చేదు పసరు చేరుతుంది. మూలికల మీద వచ్చే పొగడ్తల్లో పసరు గురించే చెబుతారు, రాపిడిని మరిచిపోతారు. నా ఉద్దేశంలో ఈ కథకు ప్రాణం ఆ జంటే.

గాయాల చికిత్సలోనూ అంతే. పుండుకు సుశ్రుతుడు చెప్పిన 60 ఉపక్రమాల్లో లేఖనం ఒకటి, అంటే గీకడం. కషాయంతో కడగడం, ముద్ద పెట్టడం, పొగ వేయడం కూడా ఆ వరసలోనివే. మర్రి, మేడి, రావి, జువ్వి, గంగరావి బెరళ్ల పంచవల్కల కషాయం నేటికీ ఆయుర్వేద వైద్యులు పుండ్లు కడగడానికి వాడతారు. ఆ బెరళ్లలోని టానిన్లు ప్రోటీన్లను పట్టి బిగిస్తాయి. నేటి శస్త్రవైద్యులూ మానని పుండును ముందు గీకి శుభ్రం చేస్తారు. గీకిన తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో పాచి మళ్లీ కట్టుకుంటుందనీ, మందు వేయవలసింది ఆ గడువులోనేననీ ఇప్పుడు చెబుతున్నారు.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ క్షారసూత్రం. నూలు దారానికి ఆకుజెముడు పాలు, ఉత్తరేణి బూడిద నుంచి తీసిన క్షారం, పసుపు కలిపి 21 పూతలు పూస్తారు. భగందరం, అంటే మలద్వారం దగ్గర పుండు చేసిన గొట్టంలోకి దాన్ని ఎక్కించి, వారం వారం మారుస్తారు. దారం కోస్తుంది, క్షారం తింటుంది, పసుపు మాన్పుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 1991లో ప్రకటించిన పరీక్షలో శస్త్రచికిత్స తర్వాత 11 శాతం మందికి జబ్బు తిరగబెడితే, క్షారసూత్రం తర్వాత 4 శాతం మందికే తిరగబెట్టింది. మానడానికి మాత్రం నాలుగు వారాలకు బదులు ఎనిమిది వారాలు పట్టింది. ఆ పరీక్షలో బయోఫిల్మ్ ప్రసక్తి లేదు. అయినా నేను దీన్ని తోముడు, పసరు కలిసిన పద్ధతిగానే చదువుతాను. ఉత్తరేణి మన చేల గట్ల మీద, ఆకుజెముడు మన కంచెల్లో పెరిగేవే కదా.

సంప్రదాయం కదలని రాయి కాదు. బడి పిల్లలు పలకకు రుద్దుకున్న గడ్డిచామంతి, దెబ్బ తగిలితే నలిపి పిండే గాయపాకు, అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క. సంహితల్లో దానికి చోటు ఉండే అవకాశమే లేదు. పల్లె దాన్ని తానే పరీక్షించి చేర్చుకుంది. గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉన్న నిజాం కాలంలో యునానీ వైద్యం కూడా ఇలాగే ఇళ్లలోకి వచ్చింది. 1920లో హైదరాబాదులో మొదలైన జిందా తిలిస్మాత్ వాళ్ల ఫారూఖీ పళ్లపొడి తెలంగాణ ఊళ్లన్నీ ఎరిగినదే.

అమ్రాబాద్ గుట్టల్లో చెంచు గిరిజనులతో తిరిగి మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన పుస్తకం వాళ్లను లోకానికి చూపింది. కొండచరియల మీద తాళ్లతో వేలాడి వాళ్లు తీసే తేనె గాయాలకు పాతమందు. చిక్కటి చక్కెర బాక్టీరియా నుంచి నీటిని లాగేస్తుంది. పలచబడ్డప్పుడు తేనెలోని ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. అయితే పచ్చి తేనెలో క్లాస్ట్రిడియం బీజాలు ఉండవచ్చు కనుక ఆసుపత్రుల్లో వాడేది గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనె. చక్కెర వ్యాధి పుండు మీద సీసాలోది పోయమని నేను ఎవరికీ చెప్పను.

మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనలకు సారథిగా ఉండగా 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఆ తరం యాంటీబయాటిక్‌లు కోట్ల ప్రాణాలు నిలిపాయి. మూలికలు వెనకబడడం అప్పుడు న్యాయమే. వాటిని మళ్లీ తలుచుకునేలా చేసింది పాచే.

బాక్టీరియా తమ సంఖ్య తగినంత పెరిగిందో లేదో రసాయన సంకేతాలతో తెలుసుకుంటాయి. 1970లో సముద్రపు వెలుగు బాక్టీరియాలో దీన్ని చూశారు, 1994లో కోరమ్ సెన్సింగ్ అని పేరు పెట్టారు. ఆ మాటను వినపడకుండా చేస్తే ఊరు సరిగా కట్టుకోదు. చంపే పని లేదు కాబట్టి నిరోధకత పుట్టే ఒత్తిడీ తక్కువగా ఉండవచ్చని ఆశ. ఒక ఆస్ట్రేలియా ఎర్ర నాచు, వెల్లుల్లిలోని అజోయిన్ ఈ పని చేస్తాయని తేలింది. 2008లో పసుపులోని కర్క్యుమిన్ సూడోమోనాస్ అనే బాక్టీరియా సంకేతాలను తగ్గిస్తుందని ప్రయోగశాలలో చూశారు. మానుపసుపు జాతి మొక్కల కథ నాకు మరీ ఇష్టం. వాటిలోని బెర్బెరిన్‌ను బాక్టీరియా పంపులా బయటికి తోసేస్తుంది, ఆ పంపును మూసే రెండో పదార్థం అదే మొక్కలో ఉందని 2000లో తేలింది. ఇంగ్లండులో వెయ్యేళ్ల నాటి కంటిమందు వెల్లుల్లి, ఉల్లి, వైన్, ఎద్దు పైత్యరసం కలిపి తొమ్మిది రాత్రులు నిలవబెట్టేది. 2020లో దాన్ని పరీక్షిస్తే బయోఫిల్మ్ మీద కలయికే పనిచేసింది, విడి దినుసులు చాలలేదు.

ఇవన్నీ ఎక్కువగా గాజు పళ్లెంలో గెలుపులు. కర్క్యుమిన్ నీటిలో కరగదు, రక్తంలోకి సరిగా చేరదు. కాబట్టి నా ఆశ కడుపులోకి పోయే గుళిక మీద కన్నా పన్ను, పుండు వంటి అందుబాటులో ఉన్న చోట్ల మీదే.

ఈ జ్ఞానానికి సొంతదారులెవరన్నది కూడా చరిత్రలో భాగమే. గాయాలకు పసుపు మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు, మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. వేప మీద ఐరోపా పేటెంటు 2000లో రద్దయి, 2005లో ఆ తీర్పు ఖాయమైంది. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. చెంచుల నుంచి మందుచెట్టు తెలుసుకున్నవారు లాభంలో వాటా పంచాలనేది ఇప్పుడు దయ కాదు, చట్టం.

ఈ మూలికలను పరీక్షించగల చోట్లూ ఇప్పుడు దగ్గరలోనే ఉన్నాయి: నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో మొదలయ్యాయి, గద్వాలకు 2024లో వచ్చింది. బయోఫిల్మ్ పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. 96 గుంతల ప్లాస్టిక్ పళ్లెంలో పుండు నుంచి తీసిన బాక్టీరియాను పెంచి, కొన్ని గుంతల్లో కానుగ బెరడు కషాయం, కొన్నింటిలో పంచవల్కలం, కొన్నింటిలో ఉత్తి నీళ్లు పోస్తారు. మరుసటి రోజు కడిగి క్రిస్టల్ వయొలెట్ అనే రంగు వేస్తారు. పాచి పట్టిన గుంత ఊదారంగులో మిగులుతుంది, పట్టనిది రంగు లేకుండా ఉంటుంది.