చదరంగ సంకలితం: పావులూరి మల్లన పద్యంలో గణితం, ఛందస్సు

చదరంగపు తొలి గడిలో ఒక గింజ ఉంచి, గడి గడికీ రెట్టింపు చేస్తూ పోతే అరవై నాలుగు గళ్ళ మొత్తం 18446744073709551615 అవుతుంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్‌బిరూనీ ఈ సంఖ్యను గణించి చూపాడు. తెలుగులో ఇది పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో భూతసంఖ్యలుగా నిలిచింది. మల్లన కాలం గురించి పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహానికి ఆయన గణితం తెలుగు అనుసరణమన్నది మాత్రం స్పష్టం.

ఈ మొత్తం రాబట్టడానికి అరవై నాలుగు కూడికలు అవసరం లేదు. చివరి గడిలోని గింజలను రెట్టించి ఒకటి తీసివేస్తే చాలు. 64ను వరుసగా ఆరుసార్లు సగం చేస్తే 1 వస్తుంది. కనుక 2తో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేయాలి: 4, 16, 256, 65536, 4294967296, ఆపై 18446744073709551616. ఇందులో ఒకటి తగ్గిస్తే పద్యంలోని సంఖ్య.

పద్యం ఈ ఇరవై అంకెలను ఒకట్ల స్థానం నుంచి చెబుతుంది. అంకెలను గణితం నిర్ణయించింది. వాటికి పేర్లను ఛందస్సు నిర్ణయించింది. మొదటి పాదం 'శ'కారంతో ఆరంభమవుతుంది. పదకొండవ అక్షరం యతిస్థానం, పైగా గురువు. అక్కడ 5 చెప్పాలి. 'శర' అంటే యతి చెల్లుతుంది గాని గురువు రాదు. 'బాణ' అంటే గురువు వస్తుంది గాని యతి చెల్లదు. 'సాయక' రెండింటికీ సరిపోయింది. రెండవ పాదం 'ధ'కారంతో మొదలవడం వల్ల యతిస్థానంలో 6కు 'తర్క' వచ్చింది. 'భూధర', 'కుంజర' పదాలు పాదాంతంలో విరిగి, తరువాతి పాదాలకు 'ర'కార ప్రాసను సమకూర్చాయి.

భూతసంఖ్యల్లో సందిగ్ధత సహజం. సముద్రం సాధారణంగా 4. సప్తసముద్రాల దృష్టితో 7 కూడా కావచ్చు. ఈ పద్యంలో 'అబ్ధి', 'పయోనిధి' రెండూ ఉన్నాయి. వీటి విలువను తేల్చడానికి సంఖ్య గుణమే ఆధారం. ఇది 3, 5, 17, 257, 641, 65537, 6700417ల లబ్ధం. వీటిలో 641ని 4294967297కు భాజకంగా ఆయిలర్ 1732లో గుర్తించాడు. సముద్రాన్ని 7గా తీసుకుంటే అంకె 3 పెరుగుతుంది కనుక 3తో భాగింపు చెడదు. ఒకట్ల స్థానం మారదు కనుక 5తోనూ చెడదు. ఒకదాన్ని మార్చినా, రెండింటినీ మార్చినా 17తో మాత్రం శేషం మిగులుతుంది. కాబట్టి రెండు చోట్లా 4నే గ్రహించాలి.

ప్రాచీన పద్యాల పాఠనిర్ణయంలో యతి, ప్రాస, గణాలు పరిష్కర్తకు ఆధారాలు. అయితే ఒక అంకెకు అదే యతిగణాలు గల మరో అంకె పేరు చేరితే ఛందస్సు దాన్ని పట్టుకోలేదు, గణితం పట్టుకుంటుంది. అదే అంకెకు పర్యాయపదం చేరితే గణితం పట్టుకోలేదు. అక్కడ చాలాసార్లు ఛందస్సు పట్టుకుంటుంది. శాస్త్రపద్యాల పరిష్కరణలో ఈ రెండు పరీక్షలూ జంటగా సాగాలి. పావులూరి గణితాన్ని కేవలం భాషాచరిత్రకు ఆకరంగా చదివితే వీటిలో సగమే చేతికందుతుంది.