కామాటిపుర: నేల చరిత్ర, నీటి లెక్క

ముంబయిలో పుట్టి పెరిగిన మన తెలుగు విద్యార్థులకు కామాటిపుర అనగానే నలుగురూ చెప్పుకునే సంగతే ముందుగా స్ఫురిస్తుంది. ఆ పేరులోని కామాటి ఎవరో తెలిసినవారు తక్కువ. తెలుగులో కామాటి అంటే మట్టిపని, కట్టుబడి పని చేసే కూలి. అది పనినిబట్టి వచ్చిన పేరు. 18వ శతాబ్ది చివరి కాలం నుండి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాలనుంచి పనికోసం వచ్చినవారు స్థిరపడిన పేట ఇది. వారు ఈ నేలనే ఎందుకు ఎంచుకోవలసి వచ్చిందని అడిగితే, నగర ప్రణాళికలో వరద ముప్పును ఎలా అంచనా కట్టాలన్న నేటి ప్రశ్న దగ్గరకు చేరుకుంటాం.

బొంబాయి మొదట ఏడు దీవులు. మహాలక్ష్మికీ వర్లీకీ నడుమ ఉన్న గండి గుండా పోటు సమయంలో సముద్రపు నీరు లోపలికి వచ్చి, నేటి బైకలా, తాడ్‌దేవ్, కామాటిపుర ప్రాంతాల పల్లాన్ని ముంచెత్తేది. గవర్నరు విలియం హార్న్‌బీ కాలంలో మొదలై 1784 ప్రాంతంలో పూర్తయిన కట్ట ఆ గండిని మూసింది. దానికి హార్న్‌బీ వెల్లార్డు అని పేరు. వెల్లార్డు అన్నది కట్ట అనే అర్థంగల పోర్చుగీసు మాటనుండి పుట్టింది. నేటి లాలా లజపతిరాయ్ మార్గం ఆ కట్టమీదిదే.

కట్ట సముద్రాన్ని ఆపింది గాని నేలను ఎత్తు చేయలేదు. లోపల మిగిలినది పోటుమట్టానికి దిగువనున్న బురదనేల. ఇంగ్లీషువారు దానిని ఫ్లాట్స్ అన్నారు. 19వ శతాబ్దిలో నగరపు చెత్తను కూడా పోసి ఆ పల్లాన్ని పూడ్చారు. మెరక నేల కలిగినవారికి దక్కింది. కూలికి మిగిలింది పల్లమే.

భాషాశాస్త్రం చదివినవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఊళ్ళపేర్లు, పేటలపేర్లు నీటికి సాక్ష్యాలు. దగ్గరలోని ఉమర్‌ఖాడీలో ఖాడీ అంటే మన ఉప్పుటేరు. పాయ్‌ధునీ అంటే కాళ్ళు కడుక్కునే చోటు. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ అన్న పేరు మిగిలింది, చెరువు మాత్రం లేదు. పటం మీద చెరిగిపోయిన నీరు మాటలో నిలిచి ఉంటుంది. వరద ముప్పు అంచనాకు ఇది కొట్టివేయదగిన ఆధారం కాదు.

ఇక లెక్కకు వద్దాం. ముంబయి పాత వాననీటి కాలువలను గంటకు 25 మిల్లీమీటర్ల వానకు, అందులో సగం నేలలో ఇంకుతుందన్న ఊహమీద కట్టారు. అంటే కాలువ మోయవలసినది 12.5 మిల్లీమీటర్లే. నగరమంతా సిమెంటు పరచుకున్నాక ఇంకే నేల ఏది? 1985 వరదల తర్వాత చేపట్టిన అధ్యయనం బ్రిమ్‌స్టోవాడ్ నివేదికగా 1993లో వచ్చింది. గంటకు 50 మిల్లీమీటర్ల వానను, ఏమీ ఇంకదన్న భావనతో, లెక్కలోకి తీసుకోవాలని అది సూచించింది. అంటే నాలుగు రెట్ల భారం.

రెండవ చిక్కు సముద్రంతోనే. నగరంలో వాననీరు సముద్రంలోకి పోయే 186 ముఖద్వారాలలో 45 సగటు సముద్రమట్టానికి దిగువనే ఉన్నాయి. మరో 135 ఆ మట్టానికి ఎగువనున్నా పోటుమట్టానికి దిగువనే. పోటుకు అందనివి ఆరే. వానా పోటూ కలిసివచ్చిన రోజున కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా నీటికి దారి ఉండదు. 2011లో హాజీ అలీ వద్ద పంపింగ్ స్టేషను పెట్టడం ఇందుకే. వెల్లార్డు ఉన్నచోటనే రెండు శతాబ్దాల తర్వాత యంత్రంతో నీటిని ఎత్తిపోయవలసి వచ్చిందన్నమాట.

2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే నగరంలోని కొలాబాలో 75 మిల్లీమీటర్లకు మించలేదు. ఒక వర్షమాపకం చెప్పిన అంకెను నగరమంతటికీ అన్వయించడం ఎంత తప్పో ఆ రోజు తేలింది. సగటు అంకె ఎవరి గడపనూ చూడదు. ముప్పును పేటవారీగా, చివరకు గల్లీవారీగా కొలవాలి.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, కామాటిపురలో సుమారు 34 ఎకరాలను మ్హాడా సంస్థ ద్వారా కూల్చి తిరిగి కట్టే పథకం ముందుకు వచ్చింది. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున ఆ 34 ఎకరాల మీద పడే నీరు సుమారు 69 లక్షల లీటర్లు. పోటు రెండు గంటలు దారి మూస్తే దానికి రెట్టింపు నీరు ఎక్కడో నిలవాలి. కొత్త భవనాల పునాదులను ఎత్తుచేస్తే అవి పొడిగా ఉంటాయి, నీరు మాత్రం పక్క గల్లీలోని పాత చాలు గదులలోకి పోతుంది. ఒకరి భద్రత మరొకరి ముంపు కారాదు. నీటికి చోటు భూగర్భ తొట్టిలోనా, తెరిపి మైదానంలోనా అన్నది కట్టడానికి ముందే తేలవలసిన ప్రశ్న. ఇళ్ళు లేచాక అడిగితే జవాబు ఉండదు.

విద్యార్థులకు నా సూచన ఒకటి. ఆ చాళ్ళలో తెలుగు మాట్లాడే వృద్ధులు ఇంకా ఉన్నారు. ఏ వానకు నీరు ఏ మెట్టుదాకా వచ్చింది, ఎన్ని గంటలు నిలిచింది, మంచం కింద ఎన్ని ఇటుకలు పెట్టుకున్నారు అని అడిగి, సంవత్సరంతో సహా రాసిపెట్టండి. ఆ గోడమీది మచ్చ ఎత్తును టేపుతో కొలవండి. కూల్చివేతతో గోడ పోతుంది, మచ్చా పోతుంది. ఇంజనీరు దగ్గర వాన లెక్క ఉంటుంది, సముద్రం లెక్క ఉంటుంది. గడపలెక్క మాత్రం వారి నోటనే ఉంది, అదీ తెలుగులో. దానిని అందుకోగలవారు మీరే.