వేగమును ఆపు విద్య

రేపల్లె వైపునుండి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనమునకు వచ్చువారు ఒకప్పుడు పెనుమూడి రేవులో పడవ యెక్కి కృష్ణను దాటెడివారు. 2006లో పెనుమూడి–పులిగడ్డ వంతెన ఏర్పడినది. పడవలు సాగిన చోట నేడు కార్లు పరుగులు తీయుచున్నవి. వేగముతోపాటు యువకులలో ఒక కోరికయు పెరిగినది: శక్తిగల కారుకు కంపెనీవారు అమర్చిన బ్రేకులు తీసివేసి, అంతకంటె పెద్ద డిస్కులు వేయించుట. అందువలన కారు త్వరగా ఆగునా? బ్రేకుల చరిత్రయే దీనికి సమాధానము చెప్పగలదు.

బ్రేకు వేగమును మాయము చేయదు. రాపిడిచే గతిశక్తిని ఉష్ణముగా మార్చును. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమునుండి ఆగినపుడు పుట్టు వేడి, 30 డిగ్రీలలోనున్న ఒకటిన్నర లీటరు నీటిని మరుగు స్థితికి తేగలదు. వేగము రెట్టింపైనచో వేడి నాలుగురెట్లగును.

1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందెను. కాని అందలి రాగి ప్యాడ్లు ఆనాటి దుమ్ము రోడ్లపై త్వరగా అరిగెడివి. చెవులు చిల్లులుపడునట్లు కీచుమనెడివి. అదే సంవత్సరమున ఫ్రాన్సులో లూయీ రెనో రూపొందించిన డ్రమ్ము బ్రేకు అరశతాబ్దము రాజ్యమేలినది. 1921లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గ్ కారు, పాస్కల్ సూత్రము నాధారముగాగొని, పాదపు ఒత్తిడిని ద్రవముద్వారా నాలుగు చక్రములకును అందించినది.

డ్రమ్ములో ఒక లోపము గలదు. వేడి లోపలనే చిక్కుకొనును. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి, లోపలి షూలకు దూరమగును, రాపిడియు తగ్గును. డిస్కు గాలికి తెరచియుండుటచే త్వరగా చల్లారును. 1953లో లె మాన్ 24 గంటల పందెమున డన్‌లప్ డిస్కు బ్రేకులుగల జాగ్వార్ కారు గెలుపొందినది. ఆ విజయమునకు తోడ్పడిన గుణమిది: పదేపదే బ్రేకు వేసినను పట్టు సడలకుండుట.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఉన్న బ్రేకే చక్రమును బిగించివేయగలిగినపుడు, ఆగు దూరమును నిర్ణయించునది టైరుకు రోడ్డుకు మధ్యగల ఘర్షణయే. ఘర్షణ గుణకము 0.8 అయినచో, 100 కిలోమీటర్ల వేగమునుండి ఆగుటకు సుమారు 49 మీటర్లు పట్టును. వానకు తడిసి అది 0.5కు దిగినచో 79 మీటర్లు కావలెను. పెద్ద డిస్కు ఈ 30 మీటర్లను తగ్గింపజాలదు. 1978లో బాష్ కంపెనీ వెలువరించిన ఏబీఎస్ కూడ చక్రము బిగియకుండ కాపాడునేగాని, లేని పట్టును సృష్టింపదు.

దివిసీమలో ఘాట్ రోడ్లు లేవు. గాలిలో తేమ మాత్రము మెండు. సామాన్యముగా వాడు బ్రేకు ఆయిలు తేమను పీల్చుకొనును. డాట్ 4 రకపు కొత్త ఆయిలు 230 డిగ్రీలకు తక్కువగా మరుగరాదని ప్రమాణము. నీరు చేరినదానికి ఆ హద్దు 155 మాత్రమే. ఆయిలు మరిగి ఆవిరియైనచో, తొక్కిన పెడలు ఊరక దిగబడును, కారు ఆగదు.

కనుక ఇచ్చట మొదట చూడవలసినవి మంచి టైర్లు, సకాలమున మార్చిన ఆయిలు, తగిన ప్యాడ్లు. పెద్ద డిస్కుల వంతు ఆ తరువాతనే. వంతెనపై అడ్డము వచ్చిన మనిషిని కాపాడునది డిస్కు వైశాల్యము కాదు. టైరు పట్టు, డ్రైవరు ముందుగనే తగ్గించుకొన్న వేగము.