వట్టంతో నిలవని వర్తకం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానంలో పత్తి, మిర్చి పండించే రైతుకూ, ఆ సరుకును దూరప్రాంతాలకు తరలించే కొనుగోలుదారుకూ నడుమ సొమ్ము చేరవేయడం తరతరాలుగా ఒక వృత్తిగా సాగింది. ఆ వృత్తిలో ఉన్నవారిని కాలాన్ని బట్టి షావుకారు, హుండీ వర్తకుడు, దలారీ, కమిషన్ వ్యాపారి అని పిలిచారు. ఇప్పుడు ఇంట్లో చిన్న కంప్యూటర్ పెట్టుకుని, కొంత బిట్‌కాయిన్ అందులో కట్టివేస్తే ఇతరుల చెల్లింపులు తన మీదుగా పోతున్నందుకు రుసుము రాబట్టవచ్చన్న ప్రచారం వినవస్తోంది. అలాంటి కంప్యూటర్‌ను నోడ్ అంటారు. పేరు కొత్తదైనా పని పాతదే కనుక, అది గిట్టుబాటు అవుతుందా అన్న ప్రశ్నకు ఈ సీమ వర్తక చరిత్రలోనే చాలావరకు సమాధానం ఉంది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు, మన దేశంలోని పత్తి ప్రాంతాలన్నింటితో పాటు కృష్ణకు దక్షిణాన ఉన్న మెట్ట తాలూకాల మీద కూడా వర్తకుల చూపు పడింది. అప్పటికి గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు; 1859లో కృష్ణా జిల్లాలో కలిసిపోయిన ఆ ప్రాంతం 1904లో మళ్లీ విడివడింది; నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు కూడా అప్పుడే దానిలో చేరి, 1970 దాకా దానితోనే ఉంది. ఇక్కడి లేత ఎరుపు ఛాయ గల పత్తి కాకినాడ రేవు నుంచి ఓడకెక్కేది కాబట్టి విదేశీ విపణిలో దానికి కోకనాడా పత్తి అన్న పేరు స్థిరపడింది. సరుకు రేవుకు పోయిన దారినే వెండి రూపాయలను బండ్ల మీద వెనక్కి తేవడం ఖర్చుతోనూ ప్రమాదంతోనూ కూడిన పని. ఆ అవసరాన్ని తీర్చినది హుండీ.

హుండీ అంటే ఒక ఊరి వర్తకుడు మరో ఊరిలోని తన సాటి వర్తకుడికి, ఫలానా మొత్తం ఫలానా వారికి చెల్లించమని రాసిచ్చే పత్రం. చూపిన వెంటనే చెల్లించవలసినది దర్శనీ హుండీ. గడువు తీరాక చెల్లించవలసినది ముద్దతు హుండీ. పత్రాన్ని కొని నగదు ఇచ్చేవాడు ముఖవిలువ నుంచి తగ్గించుకునే మొత్తమే వట్టం. ఇద్దరు వర్తకుల చిట్టా ఆవర్జాలలో పరస్పరం నిలువలు ఉన్నంతకాలం నాణెం కదలకుండానే సొమ్ము ఊర్లు దాటేది. నేరుగా లావాదేవీ లేని చోట ఇద్దరికీ తెలిసిన మూడోవాడు మధ్యన నిలిచేవాడు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కూడా దేశభాషలలో రాసిన పత్రాల విషయంలో స్థానిక ఆచారాన్ని తోసిపుచ్చకుండా వదిలిందంటే, ఆ ఆచారానికి ఉన్న బలం అర్థమవుతుంది.

ఈ వ్యవస్థకు ఒక సహజమైన ఇబ్బంది ఉండేది. పంట చేతికొచ్చే నెలల్లో సొమ్మంతా ఒకే దిక్కుగా, అంటే నగరాల నుంచి పల్లెల వైపుకు ప్రవహించేది. రైతుకు కిస్తు కట్టవలసిన కాలమూ అదే కావడంతో నగదుకు గిరాకీ పెరిగి, బొంబాయి మీదా మద్రాసు మీదా రాసిన హుండీలు ఇక్కడ కుప్పపడి, వట్టం ఎక్కువయ్యేది. విత్తనాల వేళకు ఆ ప్రవాహం తగ్గి వట్టమూ దిగేది. ఏ వైపు నిలువ ఎప్పుడు అడుగంటుతుందో ముందే పసిగట్టగలిగిన వర్తకుడే లాభపడేవాడు. నిలువ తరిగినవాడు మళ్లీ సరుకో నాణెమో పంపి ఖాతా సరిచేసుకోవలసి వచ్చేది.

అయితే వట్టం మీదనే బతికిన షావుకారు ఈ సీమలో అరుదు. అతని అసలు రాబడి అప్పు మీద వడ్డీ, ఆ అప్పుతో కట్టుబడిన పంట. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. సాగు వేళ పెట్టుబడి తీసుకున్న రైతు కోత తరువాత సరుకును ఆ కొట్టుకే తోలాలి. అక్కడ కాటా, హమాలీ, కమిషన్ కోతలు పోగా మిగిలినది చేతికి వచ్చేది. 1928లో నివేదిక సమర్పించిన రాయల్ కమిషన్ ఆన్ అగ్రికల్చర్ సంతల్లోని ఇటువంటి లోపాలను ఎత్తిచూపిన తరువాత, మద్రాసు ప్రభుత్వం 1933లో వాణిజ్య పంటల విపణి చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1966 నాటి విపణి చట్టం యార్డుల వ్యవస్థకు పునాది వేసింది. 1967లో నాగార్జునసాగర్ నుంచి నీరు విడుదలై కుడి కాలువ కింద సాగు విస్తరించడంతో గుంటూరు మిర్చి యార్డు దేశంలోనే పెద్దదిగా ఎదిగింది. చట్టాలు తూకాన్నీ వేలాన్నీ కొంత సరిచేశాయి. పెట్టుబడి పెట్టేవాడికే పంట అన్న కట్టును మాత్రం తెంచలేకపోయాయి. కొనుగోలుదారు వారాల తరువాత గానీ చెల్లించని సొమ్మును కమిషన్ వ్యాపారి ముందుగా రైతుకు ఇస్తాడు కనుక, ఆ కమిషన్‌లో దారిసుంకం కొంతే, మిగిలినదంతా నిరీక్షణకూ నష్టభయానికీ కూలి.

ఆ భయం ఊహ కాదు. 1987–88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని ఊడ్చేసినప్పుడు ఈ రెండు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదంలో అప్పు గొలుసు ప్రతి కొసా తెగింది. పురుగుమందుల దుకాణాల బాకీలు నిలిచిపోయాయి. దివాలా దరఖాస్తు పెట్టడాన్ని ఇక్కడివారు ఐపీ పెట్టడం అంటారు. ఆ మాట పల్లె వాడుకలోకి అంత సులువుగా దిగిందంటే, మధ్యవర్తి చేతిలో సొమ్ము మునగడం ఎంత పరిచితమైన అనుభవమో తెలుస్తుంది.

ఈ నేపథ్యంలో నోడ్‌ను చూడాలి. 2008లో సతోషీ నకమోతో పేరుతో వెలువడిన ప్రతిపాదన నుంచి పుట్టిన బిట్‌కాయిన్‌లో ప్రతి చెల్లింపునూ ఉమ్మడి లెక్కల పుస్తకంలో ఎక్కించడం నెమ్మది, ఖరీదు కూడా. అందుకు విరుగుడుగా జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా రూపొందించిన లైట్నింగ్ నెట్‌వర్క్ 2018 నుంచి వాడుకలో ఉంది. ఇందులో ఇద్దరు కలిసి కొంత సొమ్ము కట్టివేసి చానెల్ తెరుస్తారు. ఆపైన తమలో తాము నిలువలు మార్చుకుంటూ పోతారు. మూసే రోజునే తుది లెక్క ఉమ్మడి పుస్తకానికెక్కుతుంది. నేరుగా చానెల్ లేనివారి చెల్లింపు మధ్యనున్న నోడ్ల మీదుగా సాగుతుంది. చిట్టా ఆవర్జా నిలువల మీద నడిచిన హుండీకి ఇది దగ్గరి చుట్టం. చెల్లింపులన్నీ ఒకే దిక్కుగా పోతే చానెల్ ఒక కొసన అడుగంటి పనికిరాకుండా పోవడం కూడా పంటకాలపు హుండీ కష్టమే.

రాబడి లెక్క వేస్తే తేడా బయటపడుతుంది. ఎల్‌ఎన్‌డీ అనే ప్రసిద్ధ నోడ్ సాఫ్ట్‌వేర్ తొలి అమరిక ప్రకారం ఒక్కో చెల్లింపుకు ఒక సతోషీ, అంటే బిట్‌కాయిన్‌లో పదికోట్లో వంతు, దానికి తోడు దాటిన మొత్తంలో పదిలక్షలో వంతు రుసుముగా వస్తాయి. ఉదాహరణకు బిట్‌కాయిన్ ధర కోటి రూపాయలనీ, చానెళ్లలో పది లక్షలు కట్టివేశారనీ, ఆ మొత్తం నెలకొకసారి వెయ్యేసి రూపాయల చెల్లింపులుగా దాటిందనీ అనుకుంటే, ఏడాదికి పన్నెండు వేల చెల్లింపుల మీద వచ్చేది 1,212 రూపాయలు. రెండో రుసుమును నూరు రెట్లు పెంచినా, దారి మారిపోకుండా చెల్లింపులన్నీ అక్కడే నిలిచినా, రాబడి 2,400 దాటదు. అదే పది లక్షలు ఆరు శాతం డిపాజిట్‌లో ఉంటే 60,000. షావుకారు రెండు రూపాయల వడ్డీకి తిప్పితే 2,40,000.

ఖర్చులు ఇంకా మిగిలే ఉన్నాయి. పది వాట్ల యంత్రం ఏడాదంతా నడిస్తే సుమారు 88 యూనిట్ల కరెంటు కాలుతుంది. అది చిన్న మొత్తమే. చానెల్ తెరవడానికీ మూయడానికీ ఉమ్మడి పుస్తకంలో కట్టే రుసుమే అసలు భారం. 2024 ఏప్రిల్ 20న అది ఒక్కసారిగా ఆకాశానికి ఎగసింది. అవతలి నోడ్ మాయమైతే సొమ్ము కొన్ని రోజులు ఇరుక్కుపోతుంది. తాళపు సంకేతాలు ఎప్పుడూ ఇంటర్నెట్‌కు ఆనుకునే ఉంటాయి కనుక దొంగతనానికి తావుంది. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఇటువంటి ఆస్తుల బదిలీపై వచ్చే లాభానికి ముప్పై శాతం పన్ను ఉంది. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ మినహాయించుకోనివ్వరు, నష్టాన్ని వేరే ఆదాయంతో సరిపెట్టుకోనివ్వరు. కట్టివేసిన బిట్‌కాయిన్ ధర పెరిగితే వచ్చే లాభం నోడ్ సంపాదన కిందికి రాదు. కదలకుండా దాచుకున్నా అది వచ్చేదే.

షావుకారు చేసిన ప్రతి పనినీ సమర్థించడానికి లేదు. ఆ వడ్డీ ఎన్ని సంసారాలను కూల్చిందో ఈ సీమకు తెలుసు. కానీ అతని రాబడికి పంటకట్టు, ముఖపరిచయం, ముందస్తు పెట్టుబడి మూలమయ్యాయి. ఇంటి నోడ్‌కు ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. సాంకేతిక విద్యగానో, తన చెల్లింపులు తానే చూసుకోవడానికో నోడ్ నడపదలచినవారు నిశ్చింతగా నడపవచ్చు. కల్లంలో ఎండబెట్టి, టిక్కీలకెత్తి, యార్డులో అమ్మగా వచ్చిన మిర్చి సొమ్మును మాత్రం రుసుము ఆశతో చానెళ్లలో కట్టివేయవద్దని ఈ జిల్లాల రైతు కుటుంబాల యువతకు మనవి.