కాఫీ పొట్లం వెనుక చిన్నక్షరాలు

మా ఇంట్లో ఏ ప్యాకెట్ వచ్చినా ముందు దానికి కత్తెర పడుతుంది. కాఫీ పొడి ఒక డబ్బాలోకి, కారం ఇంకో సీసాలోకి, బిస్కెట్లు మూత బిగుసుకునే స్టీలు డబ్బాలోకి వెళ్లిపోతాయి. కవరు చెత్తబుట్టలోకి. మొన్న అలా బుట్టలో పడబోతున్న కాఫీ కవరును పట్టుకుని వెనక్కి తిప్పాను. ధర, తేదీ, తయారీదారు చిరునామా దాటాక ఆవగింజంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపించింది: ఈ మిశ్రమంలో కాఫీ 60 శాతం, చికోరి 40 శాతం.

"నలభయ్యా?" అంది అమ్మ. ఆ పొడితోనే ఏళ్ల తరబడి డికాక్షన్ తీస్తోంది.

ఆ ఒక్క వాక్యం అచ్చుకావడానికి ఎంత గొడవ జరిగిందో చెప్పాలంటే 1850 నాటి లండన్‌కు వెళ్లాలి.

చికోరి ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తే చూపుకు కాఫీ పొడిలాగే ఉంటుంది, ధర మాత్రం చాలా తక్కువ. తాగితే ప్రాణం మీదికి వచ్చేదేమీ కాదు. కానీ కాఫీ అని చెప్పి, కాఫీ ధర తీసుకుని, వేరు పొడి కట్టి ఇస్తే అది మోసమే. దీని మీద గొడవ పార్లమెంటుదాకా వెళ్లినప్పుడు ఆర్థికమంత్రి చార్లెస్ వుడ్ చేతులెత్తేశాడు. పేరున్న రసాయన శాస్త్రవేత్తలు ముగ్గురిని అడిగామనీ, కాఫీలో చికోరి కలిసిందో లేదో కచ్చితంగా తేల్చే మార్గం లేదని వాళ్లు చెప్పారనీ ఆయన జవాబు.

ఆర్థర్ హిల్ హాసల్ అనే వైద్యుడు ఆ మాట నమ్మలేదు. లండన్ దుకాణాల్లో కాఫీ పొట్లాలు కొని, చిటికెడు చొప్పున మైక్రోస్కోపు కింద పెట్టాడు. గింజ కణాల అల్లిక వేరు, వేరు కణాల అల్లిక వేరు. మాడ్చినా, మర పట్టినా ఆ అల్లిక పూర్తిగా చెరిగిపోదు. రసాయనాలకు చిక్కనిది కంటికి చిక్కింది. ఆయన చూసిన పొట్లాల్లో చాలావాటిలో చికోరి ఉంది. ఆ తర్వాత 'లాన్సెట్' వైద్య పత్రిక సంపాదకుడు థామస్ వేక్లీ ఆయనకు అండగా నిలిచాడు. 1851 నుంచి 1854 వరకు పాలు, రొట్టె, టీ, మిఠాయిలు, మసాలాలు వరుసగా పరీక్షించి, ఎవరి దుకాణంలో ఏది కొన్నారో పేరుతో, చిరునామాతో సహా అచ్చేశారు. కల్తీ లేని సరుకు అమ్మినవారి పేర్లు కూడా వేశారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. నిజాయితీపరుడి పేరు కూడా నలుగురికీ తెలియాలి కదా.

పేర్లు బయటపెట్టే ధైర్యం హాసల్‌తో మొదలు కాలేదు. 1820లోనే ఫ్రెడరిక్ అకుమ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త లండన్‌లో ఆహార కల్తీ మీద పుస్తకం వేసి దోషులను పేర్లతో ఎత్తిచూపాడు. అందులో ఊరగాయల సంగతి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. పచ్చళ్లు నిగనిగలాడే ఆకుపచ్చ రంగులో కనబడాలని రాగి పాత్రల్లో పులుపుతో మరిగించేవారు. రాగి నాణేలు వేసి ఉడికించమని వంట పుస్తకాలే సలహా ఇచ్చేవి. పులుపును రాగి, ఇత్తడి గిన్నెల్లో ఉంచకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎందుకు అంత పట్టుబట్టేవారో అకుమ్‌కు చెప్పనక్కర్లేదు.

పుస్తకాలు, పత్రికలు పూర్తిగా కదిలించలేని చట్టసభను చివరకు మిఠాయి తిన్నవారి చావులు కదిలించాయి. 1858లో బ్రాడ్‌ఫోర్డ్ సంతలో అమ్మిన పిప్పరమెంటు బిళ్లలు తిని 20 మందికి పైగా చనిపోయారు, సుమారు 200 మంది మంచాన పడ్డారు. ఆ బిళ్లల్లో చక్కెర ఖర్చు తగ్గించుకోవడానికి జిప్సం లాంటి తెల్ల పొడి కలపడం అక్కడ మామూలు. ఆ రోజు మందుల దుకాణంలో కుర్రాడు పొరపాటున ఆ పొడికి బదులు ఆర్సెనిక్ తూచి ఇచ్చాడు. పొరపాటు జరక్కపోయినా పిల్లలు తినేది సుద్దలాంటి పొడే! రెండేళ్లకు, 1860లో, బ్రిటన్‌లో కల్తీ నిరోధక చట్టం వచ్చింది. అందులో పస లేకపోతే 1875లో గట్టిది తెచ్చారు.

అమెరికాలో 1906 నాటి చట్టం పొట్లం మీద అబద్ధం రాయొద్దంది కానీ, లోపల ఏమున్నాయో అన్నీ రాయమనలేదు. దినుసుల పట్టీ అడిగింది 1938 చట్టమే.

మన దగ్గర మద్రాసు ప్రెసిడెన్సీకి 1918లోనే కల్తీ నిరోధక చట్టం ఉంది. దేశమంతటికీ ఒక్క చట్టం 1954లో వచ్చింది. అయితే చాలాకాలం మన ఇళ్లకు అసలు పరీక్షకులు ముక్కు, నాలుక, వేళ్లే. నెయ్యి అరచేతిలో రాసి వాసన చూసేవారు. బియ్యం నాలుగు గింజలు పంటికింద నలిపి పాతవో కొత్తవో చెప్పేవారు. కందిపప్పులో కలిసిన కేసరిపప్పును చేటలోనే పట్టేసే కళ్లుండేవి. ఈ విద్య విడి సరుకు మీద పనిచేసేది, అదీ కొంతవరకే. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి 60 మందికి పైగా పోయారు. ఏ ముక్కూ దాన్ని పట్టలేకపోయింది. ఆ దెబ్బతో విడి నూనె అమ్మకాలకు అడ్డుకట్ట వేసి, సీలు వేసిన ప్యాకెట్ల వైపు మళ్లించారు.

సీలు వేశాక వాసన చూసే వీలు లేదు, తాకి చూసే వీలు లేదు. ముక్కు, వేళ్లు చేసిన పని అక్షరాలకు అప్పగించాం. అందుకే అవి నిజం చెప్పాలి, చదవడానికి వీలుగా ఉండాలి.

వాటిని చదవడం పెద్ద విద్యేమీ కాదు. దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం. గోధుమ కంకి బొమ్మ ఉన్న ఒక బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పితే మొదట కనిపించింది 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్', అంటే మన మైదా. తర్వాత పంచదార, ఆ తర్వాత పామాయిల్. గోధుమపిండి నాలుగో చోట ఉంది. తీపిని ఒకే పేరుతో రాస్తే పైకి వస్తుందని పంచదార, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ అని ముక్కలు చేసి కిందికి చెదరగొట్టడం కూడా ఉంది. మూడూ కూడి చూసుకోవాలి. అంకెలున్నాయని హడలిపోనక్కర్లేదు. 330 అంటే నిమ్మఉప్పు, 500 అంటే వంటసోడా లాంటివి. 102 అంటే టార్‌ట్రజిన్ అనే పసుపు రంగు. అదైతే పిల్లల తినుబండారం మీద కనిపిస్తే నేను పక్కన పెట్టేస్తాను.

ఇన్నేళ్ల పోరాటంతో పొట్లం వెనుక వైపు కొంత దారికొచ్చింది. ముందు వైపు ఇంకా అమ్మేవాడిదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో లేబుల్ చదవడాన్ని ప్రత్యేకంగా చేర్చింది. ముందువైపు మాటలు తప్పుదారి పట్టించవచ్చని హెచ్చరించింది. అదే హైదరాబాద్‌లో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఒక్క మాట కోసం ఏళ్ల తరబడి పోరాడారు. విరేచనాలైన పిల్లలకు పట్టే ఓఆర్ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే ఉండాలి. చక్కెర అంతకంటే ఎన్నో రెట్లు ఉన్న పానీయాలు కూడా పేరులో ఓఆర్ఎస్ తగిలించుకుని మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. అంత తీపి విరేచనాలను ఇంకా పెంచుతుంది. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ మాటను అలా వాడకూడదని ఆదేశించింది. ఒక తల్లి భయంతో పరుగెత్తుకొచ్చి అడిగే మాట అది. దాన్ని తీపినీళ్లకు పెట్టుకోవడం నా దృష్టిలో బ్రాడ్‌ఫోర్డ్ బిళ్లలకు మరీ దూరం కాదు.

ఇంకో బాధ ఉంది. లేబుల్ వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలంటుంది మన నియమం. మరో భాష అదనంగా వేసుకోవచ్చు, వేయాలని లేదు. టీవీలో ప్రకటన తెలుగే, పాట తెలుగే, వెనుక నిజం మాత్రం ఇంగ్లీషు. అమ్మ పొద్దున్నే తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదువుతుంది. తన వంటింట్లో ఏముందో మాత్రం నేను చదివి చెప్పాలి.

ఆ రోజు చదివి చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించింది. పాత క్యాలెండర్ కాగితం చింపి, పెన్ను అడిగి, గుండ్రటి అక్షరాలతో "కాఫీ 60, చికోరి 40" అని రాసింది. అన్నం మెతుకుతో డబ్బా మీద అతికించింది. ఆ తర్వాత బిస్కెట్ల డబ్బా దించి, "దీని కవరేదీ?" అని అడిగింది.