టికియాపారా దారిన గులాబీ అంట్లు

గులాబీ అంటు ఒక మొక్క కాదు, రెండు. మట్టిలో ఉండేది ఒకటి, పూసేది మరొకటి. కొనేవారి చూపు పూవు మీద పడుతుంది. మొక్క బతుకు మాత్రం వేరు మీద ఆధారపడుతుంది. హుగ్లీ నది పడమటి ఒడ్డున ఇంటి గులాబీని ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్న ప్రశ్నకు కాలం మారేకొద్దీ జవాబు మారుతూ వచ్చింది. ప్రతిసారీ ఆ మార్పు వేరు దగ్గరే మొదలైంది.

ఈ కథకు టికియాపారా మంచి మొదలు. వాడుకలో దాన్ని కోల్‌కతాలో కలిపేస్తారు గాని, అది హౌరాలో ఉంది. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు బయలుదేరే రైలుకు మొదటి స్టేషన్ అది. చుట్టూ రైలు పెట్టెల షెడ్డు, బెలీలియస్ రోడ్డు పొడుగునా లేత్ మిషన్ల గదులు, ఇరుకు సందులు. పెరడు అన్న మాటే అక్కడ చాలామందికి లేదు. గులాబీ ఉంటే డాబా మీద కుండీలోనే.

అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో శిబ్‌పూర్ ఉంది. 1787లో కల్నల్ రాబర్ట్ కిడ్ ఈస్టిండియా కంపెనీ తరఫున అక్కడ వృక్షోద్యానం పెట్టాడు. 1793లో దాని బాధ్యత విలియం రాక్స్‌బర్గ్ చేతికి వచ్చింది. తెలుగువారికి ఈయన కొత్తవాడు కాదు. అంతకు ముందు దశాబ్దానికి పైగా గోదావరి సీమలో సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు వేయించి, వర్ణనలు రాసినవాడు. శిబ్‌పూర్ తోట కంపెనీ ఓడలకు మజిలీ. చైనా రేవు కాంటన్ నుంచి వచ్చిన మొక్కలు ఇక్కడ కాస్త సేదతీరి ఐరోపాకు వెళ్ళేవి. అలా వెళ్ళిన చైనా గులాబీకి ఫ్రెంచివారు ‘బెంగాల్ గులాబీ’ అని పేరు పెట్టారు. మొక్క చైనాది, పేరు మజిలీది! అప్పటి ఐరోపా గులాబీల్లో ఎక్కువ భాగం ఏడాదికి ఒక్కసారే పూసేవి. ఇది విడవకుండా పూసింది. ఈనాడు తోటల్లో నెలనెలా పూసే గులాబీలకు ఆ గుణం వచ్చింది చాలావరకు ఈ చైనా జాతి నుంచే.

బెంగాల్‌కు సొంత గులాబీ లేదనుకుంటే పొరపాటు. నీరు నిలిచే పల్లపు నేలల్లో, వాగుల ఒడ్డున తెల్లని ఒంటిరేకు పూలతో పెరిగే అడవి గులాబీ ఒకటుంది. రాక్స్‌బర్గ్ దాన్ని రోసా ఇన్వాల్యుక్రాటా అన్నాడు. ఇప్పటి శాస్త్రనామం రోసా క్లైనోఫిల్లా. వేళ్ళు నీళ్ళలో మునిగినా తట్టుకునే గులాబీ లోకంలో అరుదు. అయినా తోటమాలులు దాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఆ కొలువు వదిలి కొడైకెనాల్ చేరి, ఈ రోసా క్లైనోఫిల్లాతో సంకరాలు చేసి వేడి దేశాలకు తగిన గులాబీలు పుట్టించారు. బెంగాల్‌లో ఉన్న జాతి విలువ అంత దూరాన, అంత ఆలస్యంగా తేలింది.

1820లో విలియం కేరీ అగ్రి హార్టికల్చరల్ సొసైటీని స్థాపించాడు. సీరాంపూర్ మిషనరీగా, బైబిల్ అనువాదకుడిగా ఆయన పేరు ఎక్కువ వినబడుతుంది. మొక్కల పిచ్చి కూడా అంతే ఉండేది. సొసైటీ నుంచి సభ్యులకు విత్తనాలు, మొక్కలు అందేవి. ఇప్పటికీ అలీపూర్‌లో దాని తోట ఉంది. కాని 19వ శతాబ్దంలో ఆ మొక్కలు దొరల బంగళాలకు, జమీందారుల తోటలకు చేరాయే తప్ప హౌరా సందుల్లోకి రాలేదు. ఓడల్లో విలాయత్ నుంచి తెప్పించుకున్న అంట్లతో ఇంకో చిక్కు: ఐరోపాలో అడవి గులాబీ రోసా కేనైనా వేరు మీద కట్టే అలవాటు. చలిదేశపు ఆ వేరు బెంగాల్ ఉక్కకు, వానకాలపు నీటినిలవకు ఓర్చుకోదు. పేరున్న రకాలు కూడా పైన బాగానే ఉండి కింద చచ్చేవి. వేరు మార్చక తప్పలేదు. ఉత్తర మైదానాల్లో ఎడ్వర్డ్ గులాబీ వేరు వాడుకలోకి వస్తే, బెంగాల్‌లో రోసా మల్టిఫ్లోరా నిలబడింది.

కలకత్తా మధ్యతరగతి గులాబీని తమ సొంతం చేసుకున్నది వేరే దారిలో. పడమట దేవఘర్, మధుపూర్, గిరిడీ వైపు బెంగాలీలు గాలి మార్పుకు ఇళ్ళు కట్టుకున్నారు. ఎర్రనేల, పొడిగాలి, చలికాలంలో నిజమైన చలి. ఆ చోట్లు గులాబీకి పెట్టింది పేరు. ఆ ఇళ్ళ గులాబీ తోటలు చూసి వచ్చినవారు ఊళ్ళో కుండీల్లో అదే పూవు పూయించబోయి భంగపడడం మామూలే. నేల తేడా సంగతి కుండీకి తెలుస్తుంది, యజమానికి తర్వాత తెలుస్తుంది.

1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీద వంతెన పూర్తయి, బెంగాల్ నాగపూర్ రైల్వే హౌరా చేరింది. దాంతో టికియాపారా ముందునుంచి పూల రాకకు దారి ఏర్పడింది. కోలాఘాట్, పాఁశ్‌కుడా, బాగ్నాన్, దేఉల్‌టీ పల్లెల పూలు రైలెక్కి తెల్లవారేసరికి హౌరా వంతెన అవతలి మల్లిక్ ఘాట్ బజారులో దిగుతాయి. 1855లో రామ్‌మోహన్ మల్లిక్ కట్టించిన స్నానఘట్టం అది. అయితే అక్కడ అమ్ముడుపోయేది పూవు. పూల రైతు నాటుకున్న రకం ఇంటివారికి తగినదని చెప్పలేం. అతనికి కావలసింది బుట్టలో నలగని మొగ్గ, ఇంటికి కావలసింది వాసన, ఎక్కువ రోజులు పూయడం. బజారులో నచ్చిన పూవును పట్టుకుని అదే మొక్క కోసం వెతకడం అందుకే చాలాసార్లు వృథా.

మొక్క కోసమైతే అదే దారిలో ఇంకా ముందుకు వెళ్ళాలి. ఖరగ్‌పూర్‌కు ఒక స్టేషన్ ఇవతల జాక్‌పూర్. గులాబీ నర్సరీలకు ఈ చిన్న ఊరు పేరుపడింది. చుట్టూ ఎర్రటి లాటరైట్ నేల, నీరు నిలవదు. చలికాలంలో మల్టిఫ్లోరా కాండం మీద బెరడును ‘టి’ ఆకారంలో చీల్చి, కావలసిన రకం నుంచి తీసిన కన్నును లోపల దూర్చి కట్టు కడతారు. మూడు నాలుగు వారాల్లో కన్ను పట్టుకుంటుంది. అప్పుడు పైనున్న మల్టిఫ్లోరా తల నరికేస్తారు. దీన్ని బెంగాలీలో చోఖ్ కలమ్ అంటారు. చోఖ్ అంటే కన్ను, తెలుగులోనూ ఇది కన్ను అంటు. మాటలు వేరైనా రెండు భాషలూ మొగ్గలో కన్నునే చూశాయి.

ఖరగ్‌పూర్ రైల్వే పట్నంలో తరతరాలుగా ఉన్న తెలుగువారికి జాక్‌పూర్ పక్క ఊరు. జడలో పెట్టుకునే అలవాటున్న ఇంట గులాబీ ఎంపిక వేరుగా ఉంటుంది: తొడిమ పొడుగు అక్కర్లేదు, రేకు పలచనై వాసన ఉండాలి. బెంగాలీ ఇంట కుండీలో పెద్ద పూవు గొప్ప.

రథయాత్రకు మొక్కలు కొనడం బెంగాల్ ఆచారం. ఆషాఢంలో రథమేళాల్లో అప్పడాలు, జిలేబీల పక్కనే గులాబీ అంట్లూ అమ్ముతారు. జామకు, మామిడికి ఆ కాలం సరే. గులాబీకి మాత్రం అది పాడు కాలం: వాన తడికి కొత్త వేరు కుళ్ళుతుంది, నల్లమచ్చ తెగులు ఆకును రాలుస్తుంది. పైగా అంటు చచ్చి వేరు మిగిలిన మొక్క కూడా పచ్చగానే కనబడుతుంది. మోసం తెలుసుకోవడానికి ఆకును చూస్తే చాలు. మల్టిఫ్లోరా ఆకు మొదట్లో కుచ్చులా చీలిన చిన్న రెక్కలుంటాయి. తోట గులాబీల్లో చాలావాటికి అవి ఉండవు. కట్టు కిందనుంచి అలాంటి చిగురు లేస్తే వెంటనే తెంపాలి.

తెలుగు నేల మీద ఇదే వ్యాపారానికి పెద్ద చిరునామా కడియం. ఆ ఊరూ రాక్స్‌బర్గ్ సామర్లకోటా జాక్‌పూరూ టికియాపారా గుండా పోయే హౌరా–చెన్నై రైలు దారిలోనివే. డాబా మీద కుండీకి ఎక్కడ కొనాలంటే, హౌరాలో ఉన్నవారికి కార్తీకంలో జాక్‌పూర్ మొక్క తగినది; కోస్తాలో ఉన్నవారికి కడియం. రథమేళా గులాబీని చూసి ఆనందించి వదిలేయడం మంచిది.